స్టేషన్ ఎక్కడ పెట్టాలని అడిగిన అమ్మడికి

రాజమండ్రి

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మ్యాపు అందింది. పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, భోజనాల బల్ల మీద పరుచుకుని రెండు రోజులుగా చూస్తున్నాను. విశాఖ నుంచి విజయవాడకి హైస్పీడ్ లైన్ వేస్తే రాజమండ్రి స్టేషన్ ఎక్కడ ఉండాలన్నది నీ ఎం.టెక్ ప్రాజెక్టు. మూడు ఎర్ర చుక్కలు పెట్టావు. దివాన్‌చెరువు దగ్గర హైవే పక్కన ఒకటి, ఇప్పుడున్న స్టేషన్ దగ్గరే ఒకటి, గోదావరి దాటాక కొవ్వూరు అవతల పొలాల్లో ఒకటి. "దివాన్‌చెరువుకే మార్కులు ఎక్కువ వస్తున్నాయి పెదనాన్నా, స్థలం ఖాళీగా ఉంది, లైన్ తిన్నగా వెళ్తుంది" అన్నావు ఫోన్లో. నీ లెక్క తప్పనను. నీ పట్టికలో చోటు దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాస్తాను.

ముందు సామర్లకోట సంగతి. నేను రైల్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ కొన్నాళ్లు ఉన్నాను. మద్రాసు నుంచి హౌరా వెళ్లే మెయిన్ లైన్ సామర్లకోట మీదుగా పోయింది, కాకినాడ బ్రాంచి లైన్ మీద మిగిలిపోయింది. మధ్య దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. ఒక రాత్రి రెండు గంటలప్పుడు ట్రాక్ పని చూసుకుని ప్లాట్‌ఫాం మీదికొచ్చాను. ఒకావిడ మెయిల్ దిగి నిలబడి ఉంది. భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు, కాళ్ల దగ్గర గోనెసంచి, దాని మూతికి పురికొస కట్టి ఉంది. "కాకినాడ బండి ఎన్నింటికండీ?" అని అడిగింది. తెల్లారేదాకా లేదని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. పిల్లాణ్ణి ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, సంచి మీదే కూర్చుండిపోయింది.

లైన్ గీసినవాళ్లకి ఆ పదిహేను కిలోమీటర్లు కాగితం మీద వేలెడు దూరం. కాకినాడ వాళ్లు తమ ఊరిని మెయిన్ లైన్‌లో కలపమని, పిఠాపురానికి లైన్ వేయమని తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు. ఒకసారి కట్టాక స్టేషన్ కదలదమ్మా. రోడ్డు మార్చుకోవచ్చు, బస్టాండు మార్చుకోవచ్చు. స్టేషన్ తప్పు చోట పడితే నీ మనవలు కూడా ఆటో చార్జీ కట్టుకుంటూనే ఉంటారు.

నా చేతులతో చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక చిన్న హాల్టుకి, అంటే ప్యాసింజరు బళ్లు ఆగే చిన్న స్టేషన్‌కి, చోటు చూడమని నన్ను పంపారు. ఊరు రాయను. ఊరి దారి దగ్గర నాలుగు సెంట్లు కొనాల్సి వచ్చేది, అర కిలోమీటరు అవతల రైల్వే స్థలం ఊరికే ఉంది. ఊరికే ఉన్నదాని మీద సంతకం పెట్టాను. మరుసటి ఏడు వానాకాలంలో ఇన్‌స్పెక్షన్‌కి ట్రాలీ మీద వెళ్తూ చూశాను. చెప్పులు చేత్తో పట్టుకుని, కట్ట వెంబడి మోకాలి లోతు బురదలో జనం నడుస్తున్నారు. వాళ్లలో నెలలు నిండిన మనిషి కూడా ఉంది. మిగిల్చిన డబ్బెంతో నాకు గుర్తులేదు, ఆ నడక మాత్రం మరిచిపోలేదు.

ఇప్పుడు నీ దివాన్‌చెరువు. విజయవాడ నుంచి రాజమండ్రి దాదాపు నూటయాభై కిలోమీటర్లు. నువ్వనుకున్న బండి ముప్పావుగంటలోపే వచ్చేస్తుంది. నీ పట్టిక అక్కడితో ఆగిపోయింది, మనిషి ప్రయాణం అక్కడితో ఆగదు. అమలాపురంలో ఇంటి గుమ్మం దగ్గర గడియారం మొదలుపెట్టు. కోటిపల్లి నుంచి నరసాపురం లైన్ బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో మంజూరైంది, రైలింకా అమలాపురం చేరలేదు. కాబట్టి ఆ మనిషి బస్సెక్కి రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా గంటన్నర పైనే కూర్చుని రాజమండ్రిలో దిగుతాడు. అక్కణ్ణించి నీ స్టేషన్‌కి ఇంకో బండి మాట్లాడుకోవాలి. ఆ బండి దొరుకుతుందో లేదోనని ఇంట్లోంచి అరగంట ముందే బయల్దేరతాడు. నువ్వు పట్టాల మీద మిగిల్చింది ఆ రోడ్డు మీదే పోయింది. సొంత కారున్నవాడికి మాత్రం హైవే పక్కన స్టేషన్ హాయిగానే ఉంటుంది. నువ్వు కారున్నవాడికే కడుతున్నావా అన్నది నీకు నువ్వే అడుగు.

ఊరి నడిబొడ్డు అంటే మ్యాపు మధ్యలో ఉన్న చోటని అనుకోకు. జనం ఇప్పటికే దిగి, బండి మారి, టీ తాగి, మళ్లీ కదిలే చోటే నడిబొడ్డు. ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. ఫ్రాన్సులో అమియాన్, సాంకాంతాన్ అనే రెండు ఊళ్ల మధ్య పొలాల్లో 1994లో ఒక స్టేషన్ తెరిచారు. పాత రైళ్లతో కలవకుండా కట్టారు. అక్కడివాళ్లు దానికి బీటుదుంపల స్టేషన్ అని పేరు పెట్టారు. జపాన్‌లో 1964లో షిన్ యొకొహామాని కూడా పొలాల్లోనే పెట్టారు, ఇప్పుడదో పెద్ద ఊరు. తేడా ఏమిటంటే, షిన్ యొకొహామా అప్పటికే నడుస్తున్న పాత లైన్‌ని దాటే చోట పడింది. అయినా ఊరు పెరగడానికి దశాబ్దాలు పట్టింది. తైవాన్‌లో తైనాన్‌కి 2007లో ఊరి బయట స్టేషన్ ఇచ్చి, చివరికి 2011లో ఊళ్లోకి వేరే లైన్ వేసి కలుపుకున్నారు. నీ రిపోర్టులో ఊరి లోపలా బయటా అన్న మాట కంటే ముందు, పాత రైలుతో కలుస్తుందా లేదా అన్నది రాయి. ద్వారపూడి నుంచో అనపర్తి నుంచో ప్యాసింజర్లో వచ్చినవాడు గొడుగు తీయకుండా నీ బండి ఎక్కగలగాలి.

మీ గైడు అడిగే ప్రశ్న నాకు తెలుసు. మూడొందల వేగంతో వెళ్లే బండి ఊళ్లోకి ఎలా వంగుతుందంటాడు. న్యాయమైన ప్రశ్నే. టోక్యో నుంచి ఒసాకా మొదటి లైన్‌లో వంపులకి 2,500 మీటర్ల వ్యాసార్థం చాలింది, తర్వాత వేగం పెరిగాక 4,000 మీటర్లకి పోయారు. అంత పెద్ద వంపు మన ఊళ్లో పట్టదు. స్పెయిన్‌లో సరగోసా దగ్గర దీనికి దారి చూపించారు. ఆగని బళ్లకి ఊరి బయట నుంచి తిన్నటి లైన్ వేసి, ఆగే బళ్లకి స్టేషన్ వైపు వెళ్లి మళ్లీ కలిసే లూప్ లైన్ ఇచ్చారు. ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చుని నీ పట్టికలో దాచకుండా రాసి, పక్కన ఊరి బయట స్టేషన్‌కి కావలసిన రోడ్లూ బస్సులూ వంతెనల ఖర్చు కూడా రాయి. సాధారణంగా ఆ రెండోది ఎవరూ రాయరు, అందుకే పొలాల్లో స్టేషన్ చవగ్గా కనిపిస్తుంది. ఇంకో సంగతి, ముంబై అహ్మదాబాద్ లైన్ లాగా నీది 1,435 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) అయితే నీ బండి మన 1,676 పట్టాల మీదికి రాలేదు. ఫ్రాన్సులో లాగా పాత పట్టాల మీద ఊళ్లోకి దూరే వీలుండదు కాబట్టి ప్లాట్‌ఫాం వేరే కావాలి. అహ్మదాబాద్‌లో పాత ప్లాట్‌ఫాంల మీదనే పై అంతస్తులో కడుతున్నారు. వడోదరలో కూడా ఉన్న స్టేషన్ దగ్గరే పెట్టారు. ఆ రెండు డ్రాయింగులు సంపాదించి చూడు.

అసలు మన ఊరికి స్టేషన్ చోటు నిర్ణయించేది వంతెన. ధవళేశ్వరం దాటాక గోదావరి చీలిపోతుంది. గౌతమినీ వశిష్ఠనీ విడివిడిగా దాటాలి. పైన రాజమండ్రి దగ్గరైతే ఒక్కసారే దాటొచ్చు. 1900లో తెరిచిన 56 ఖానాల హేవ్‌లాక్ వంతెన, 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన, 1997లో ఆర్చి వంతెన, అన్నీ ఇక్కడే కట్టారు. నాలుగో రైలు వంతెన ఆ దరిదాపుల్లో పడితే లైన్ ఊరిని ఎలాగూ తాకుతుంది. కాబట్టి వంతెన గీత ముందు గీసి, స్టేషన్ తర్వాత వెతుకు. నువ్వు తిరగేసి చేశావు.

కొవ్వూరు అవతలి చుక్క గురించి ఎక్కువ రాయను. గోదావరికి మన వైపు, కాతేరు దగ్గర తవ్వితే నల్లరాయి తగులుతుంది. నిడదవోలు దాటి డెల్టాలోకి దిగావంటే బంకమట్టి. బోరు గొట్టంలోంచి తీసిన ముక్కని బొటనవేలితో నొక్కితే వెన్నలా దిగిపోతుంది. అందులో మట్టికట్ట పోస్తే ఏళ్ల తరబడి కుంగుతుంది. పైగా కట్ట వేసిన చోట నీళ్లు ఆగుతాయి. 1986 ఆగస్టు వరదలప్పుడు కట్టకి ఒకవైపు చెరువు, ఇంకోవైపు పొడి నేల చూశాను. తూములు చాలలేదు. అక్కడ వెళ్లాల్సి వస్తే స్తంభాల మీదే వెళ్లాలి.

జనం రద్దీ మీద నీ పేజీ ఒకటే ఉంది. మన ఊళ్లో అది చాలదు. 2015 జూలై 14న పుష్కరాల మొదటి రోజు ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఏం జరిగిందో నీకు తెలుసు. 2027లో మళ్లీ పుష్కరాలు. రోజువారీ ప్రయాణికుల సంఖ్య మీద మెట్లూ తలుపులూ కొలవకు. ఆ పన్నెండు రోజుల మీద కొలువు. వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ దారి వేరుగా ఉండాలి. బయట నీడ పట్టిన పెద్ద ఖాళీ స్థలం వదలాలి, దాన్ని తర్వాత దుకాణాలకి ఇవ్వకూడదని రిపోర్టులోనే రాయాలి.

నా మాట అడిగితే రెండో చుక్కే. ఇళ్లు పోతాయి, దుకాణాలు పోతాయి, గొడవలవుతాయి. పోయేవాళ్ల ఇళ్లకి నువ్వే వెళ్లి, వాళ్ల గుమ్మంలో కూర్చుని మాట్లాడి, ఎన్ని గడపలు పోతున్నాయో లెక్క రాయి. రైల్వే స్థలం ఎంతవరకు సరిపోతుందో ముందు చూస్తే ఆ లెక్క తగ్గుతుంది. ఆ లెక్క మరీ పెద్దదైతే, ఊరి అంచున పాత లైన్ దాటే చోటు వెతుకుదాం. హైవే పక్కకి మాత్రం పోవద్దు.

వచ్చే శనివారం రాత్రి వచ్చెయ్. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడదాం. ఎంతమంది ఆటో వైపు, ఎంతమంది బస్సు వైపు, ఎంతమంది నడిచి వెళ్తున్నారో నువ్వు గీతలు పెట్టు, నేను చూసి పైకి చెప్తాను. ఆ తర్వాత ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడుద్దాం, చేతిలో పది కిలోల బియ్యం సంచి పట్టుకుని. సంచి మీ పెద్దమ్మ సిద్ధం చేసి ఉంచుతానంది.

ఆశీస్సులతో,
పెదనాన్న