ఎర్ర చుక్కలన్నీ మీ గడిలోనే ఎందుకున్నాయి?

ప్రశ్న: మాకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళు. ఆర్నెల్ల కిందట బడిలో పర్యావరణం మీద ఏదో ప్రాజెక్టు చేసింది. అప్పటి నుంచి ఇంట్లో ప్లాస్టిక్ ఉండకూడదు, తడిచెత్త బయటికి పోకూడదు అని పట్టుబట్టింది. మంచి మాటే కదా అని నేనూ సరేనన్నాను. మావారు ఆ ఊపులో ఒక ఆదివారం వంటింట్లో ప్లాస్టిక్ డబ్బాలన్నీ పాత సామాన్లకి వేసేసి గాజు సీసాలు, డజను గుడ్డ సంచులు, ఎరువు తయారుచేసే డబ్బా కొనుక్కొచ్చారు. పాప ఫ్రిజ్ తలుపు మీద చార్టు అంటించింది. నలుగురికీ నాలుగు గడులు, తప్పు చేస్తే ఎర్ర చుక్క. నెల తిరిగేసరికి నా గడిలో ఇరవై మూడు, అత్తయ్యగారికి నాలుగు, పాపకి రెండు. మావారికి ఒక్కటీ లేదు. ఆఫీసు నుంచి వస్తూ సంచి మర్చిపోయి కవర్లో సరుకులు తెస్తుంటాను. ఎరువు డబ్బా కంపు కొట్టి పురుగులు పడితే కడిగి మూలన పెట్టేశాను. మావారు మంచివారే. పని ఒత్తిడి ఎక్కువ. ఒక్కోసారి వంటంతా అయ్యాక ఫోన్ చేసి బయట తినేస్తున్నానంటారు. స్నానాలగదిలో కుళాయి కారుతోందని రెండు నెలలుగా చెబుతున్నా, ఆయనకు తీరిక దొరకలేదు. నాకు మారాలనే ఉంది, కానీ నెమ్మదిగా. ఏది ముందు, ఏది తర్వాత చేయాలో పట్టిక రాసివ్వండి. పెద్ద విషయం కాదు గానీ, మొన్న మా ఆడపడుచు వాళ్ళు వచ్చినప్పుడు ఆయన ఆ చార్టు చూపించి "మా ఇంట్లో భూమికి శత్రువు ఎవరో చూడండి" అని నవ్వారు. పాప కూడా నవ్వింది.

జవాబు: పట్టిక రాసివ్వనమ్మా. ఇంట్లో ఉన్న పట్టికతోనే ఇంత అవస్థ పడుతున్నారు. నేను ఇంకోటి పంపితే దాని మీదా చుక్కలు పడతాయి.

"పెద్ద విషయం కాదు గానీ" అంటూ ఆఖర్న రాశారు చూడండి, మీరు ఉత్తరం రాసిందే ఆ మాట కోసం. ఆడవాళ్ళ ఉత్తరాల్లో నేను ముందు వెతికేది ఆ చివరి రెండు వాక్యాలే. ప్లాస్టిక్ గురించీ సంచుల గురించీ అంత వివరంగా రాసిన మీరు, సొంత ఆడపడుచు ముందు తలవంపులైన సంగతి దగ్గరికొచ్చేసరికి రెండు ముక్కల్లో తేల్చేశారు. పైగా "మావారు మంచివారే" అని నేనడగకుండానే పూచీ ఇచ్చారు. మంచివారు కాదని నేననడం లేదు. మంచివాళ్ళూ ఇలాంటి పనులు చేస్తారు, వాళ్ళని అడిగేవాళ్ళుండరు కాబట్టి ఇంకాస్త హాయిగా చేస్తారు.

ఆ చార్టులో ఆయన గడి ఎందుకు ఖాళీగా ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? వంటింట్లోకి అడుగుపెట్టని మనిషి వంటింట్లో తప్పెలా చేస్తాడు? సరుకులు తేనివాడు సంచి ఎలా మర్చిపోతాడు? మీ అమ్మాయి గీసిన చార్టు ఇంట్లో ఎవరు ఎక్కువ తప్పులు చేస్తున్నారో చెప్పడం లేదు, ఎవరు ఎక్కువ పని చేస్తున్నారో చెబుతోంది. ఇరవై మూడు, నాలుగు, రెండు, సున్నా. మీ ఇంటి చాకిరీ పంపకం ఇంత ఉన్నదున్నట్టుగా ఇంకెవరూ రాసి ఉండరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మీ ఇంట్లో చేసేవాళ్ళే లోకువైపోయారు.

పాప మీద నాకు కోపం లేదు. పదిహేనేళ్ళప్పుడు లోకాన్ని బాగుచేయాలని ఉబలాటపడకపోతే ఇంకెప్పుడు పడుతుంది? కానీ వాళ్ళ నాన్న దగ్గర ఆ పిల్ల ఇంకో పాఠం కూడా నేర్చుకుంటోంది. అమ్మ చేసే పనిని తనిఖీ చేయొచ్చు, మార్కులు వేయొచ్చు, నలుగురిలో నవ్వొచ్చు అని. రేపు తను ఉద్యోగం చేసి ఇంటికొచ్చి వంట మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ఇంకెవరో చార్టు పట్టుకుని నిలబడితే, అది మామూలే అనుకుంటుంది. నాకు దిగులంతా దాని గురించే. కవర్ల సంగతి ఆ తర్వాత.

ఇక చార్టులోకి ఎక్కని వాటి సంగతి చూద్దాం. అవన్నీ మీ ఉత్తరంలోనే, ఆయన్ని వెనకేసుకొస్తూ రాసిన వాక్యాల్లోనే ఉన్నాయి.

కారుతున్న కుళాయి. రోజుకు 86,400 సెకన్లు. సెకనుకో చుక్క పడుతోందనుకోండి, చుక్క పావు మిల్లీలీటరే అనుకోండి, రోజుకు ఇరవై ఒక్క లీటర్లు పైన. రెండు నెలలకు దాదాపు పదమూడు వందల లీటర్లు. దీనికి ఎవరి గడిలోనూ చుక్క లేదు.

వంటయ్యాక వచ్చే ఫోను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం పారేశారు. అందులో 60 శాతం హోటళ్ళదీ దుకాణాలదీ కాదు, ఇళ్ళది. పండించడానికి పట్టిన నీళ్ళు, తేవడానికి కాలిన ఇంధనం, వండడానికి కాలిన గ్యాసు, మీ గంట సేపు నిలువుకాళ్ళ ఉద్యోగం, అన్నీ కలిపి చెత్తబుట్టలోకి పోతాయి. ఆయన సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి చెబితే చాలు. మీరు తెచ్చే నాలుగు కవర్లు మానేసినదానికంటే దాంతో ఒరిగేది ఎక్కువ. దానికీ చుక్క లేదు.

ఇక ఆ ఆదివారం కొనుగోళ్ళు. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పర్యావరణం పేరుతో జరిగే పొరపాట్లలో అందరికీ ముద్దొచ్చేది ఇదే. డెన్మార్కు పర్యావరణ శాఖ 2018లో సంచుల మీద ఒక అధ్యయనం వేసింది. మామూలు నూలు గుడ్డ సంచి, భూతాపం లెక్క ఒక్కటే చూసుకున్నా, ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే దాన్ని కనీసం 52 సార్లు వాడాలి. నీళ్ళు, రసాయనాలు వగైరా ఏ రకం హానిలోనూ ప్లాస్టిక్ సంచిని మించకూడదంటే 7,100 సార్లు. చెత్తగా బయటపడ్డ ప్లాస్టిక్ వల్ల కాలవలకీ సముద్రానికీ జరిగే నష్టాన్ని ఆ లెక్కలో కలపలేదు కాబట్టి, గుడ్డ సంచి దండగ అని నేననను. సంచి ఒకటో రెండో ఉండాలి, అవి చిరిగేదాకా వాడాలి, అంతే. డజను కొని కొక్కేనికి తగిలించి మురిసిపోతే అది ఇంకో రకం షాపింగు.

డబ్బాల సంగతీ అంతే. పప్పులో ఉప్పులో పోసుకునే గట్టి ప్లాస్టిక్ డబ్బా ఇంకో పదేళ్ళు పనికొచ్చేది. వేడి పదార్థాలు వేయకుండా వాడుకుంటే దాని మానాన అది పడి ఉండేది. లోకంలో 2015 దాకా పారేసిన ప్లాస్టిక్‌లో మళ్ళీ కరిగించి వాడింది 9 శాతమేనని 2017లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. పాత సామాన్లకి వేశాం కదా, మంచే జరిగి ఉంటుందిలే అనుకోవడానికి లేదు. ఉన్నదాన్ని పారేసి కొత్తది తేవడం చూడ్డానికి ఎంత పచ్చగా ఉన్నా, రెండు వస్తువుల బరువు భూమి మీద పడుతుంది. ఆ ఆదివారం ఒక్కరోజు చేసిన దానికి ఎర్ర చుక్కలు పెట్టడం మొదలెడితే ఆయన గడి చాలదు. అయినా ఆయన్ని మెచ్చుకున్నారు. కొన్నది ఆయన కదా, తుడిచేది మీరు.

ఎరువు డబ్బా మాత్రం మానేయొద్దు. గాలి తగలని చెత్తకుప్పలో కూరుకుపోయిన తడిచెత్త మీథేన్ అవుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టి ఉంచే వాయువది. మీ డబ్బా కంపు కొట్టిందంటే కూడా కారణం అదే, లోపల గాలి ఆడలేదు. తొక్కలు, మిగిలిపోయినవి అలాగే వేసేసి మూత పెట్టి ఉంటారు. గుప్పెడు తడికి రెండు మూడు గుప్పిళ్ళ పొడి పడాలి. ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు, పాత కాగితాలు ఏవైనా సరే. పైన ఎప్పుడూ పొడిపొర ఉండాలి, అప్పుడు ఈగ వాలదు, పురుగు పట్టదు. వారానికోసారి అడుగునుంచి తిరగేయాలి. పిడికిట్లో పట్టి పిండితే గట్టిగా పిండి ఆరేసిన బట్టంత చెమ్మ ఉండాలి, నీళ్ళు కారకూడదు. ఇలా చేస్తే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది, మట్టివాసన తప్ప ఇంకో వాసన రాదు. ఇదంతా మీకోసం రాయలేదు. కొనుక్కొచ్చిన ఆయన కోసం రాశాను, ఈ ముక్క చింపి ఆయన చేతికివ్వండి. పురుగుల్ని కడిగింది మీరు, మూలన పెట్టినందుకు చుక్క పడిందీ మీకే. అదేం న్యాయమో నాకర్థం కాలేదు.

అత్తగారి నాలుగు చుక్కల సంగతి వదిలేయండి. ఆ వయసులో మనవరాలి చేత చుక్కలు పెట్టించుకుని ఊరుకున్నారంటే ఆవిడకి మీ ఇద్దరికంటే ఓపిక ఎక్కువ.

మీ తప్పు కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. అన్నిటికీ సరేనన్నారు. డబ్బాలు పారేస్తుంటే సరే, చార్టు అంటిస్తే సరే, నవ్వితే సరే. నెమ్మదిగా మారదాం అన్న మాట నాకు రాశారు గానీ ఆ ఇంట్లో ఎవరికైనా చెప్పారా? ఓర్పు వేరు, నోరు నొక్కుకోవడం వేరు. మొదటిది సంసారానికి కావాలి. రెండోది ఎవరికీ అక్కర్లేదు.

ఆయనతో మాట్లాడండి. పాప ముందు వద్దు, అత్తగారి ముందు వద్దు. ఆయన మీ విషయంలో పాటించని మర్యాద మీరు పాటించండి. కుళాయి గురించో సంచుల గురించో మొదలుపెట్టకండి, అక్కడే వాదన తప్పుదారి పడుతుంది. "మీ చెల్లెలి ముందు నన్ను నవ్వులపాలు చేశారు, నాకు చాలా కష్టమనిపించింది, మళ్ళీ అలా జరగకూడదు" అనండి. అంతవరకే. జోక్ చేశానంటారు, ఇంత చిన్నదానికా అంటారు. "చిన్నదే అయితే మీ చెల్లెలికి ఫోన్ చేసి ఆ చార్టు అసలు కథ చెప్పడం కూడా చిన్న పనే కదా" అనండి. నలుగురిలో అన్న మాటకి గదిలో చెప్పే సారీ చెల్లదని నా నమ్మకం. ఈ విషయంలో నన్ను మొండిదాన్నంటారు, అననివ్వండి.

పాపతో మాట్లాడాల్సింది ముందు ఆయన, తర్వాత మీరు. చార్టు మీరు చింపకండి, చింపితే ఇరవై నాలుగో చుక్క. మనుషుల పేర్లు తీసేసి పనుల పేర్లు రాయమనండి. కుళాయి, ఎరువు డబ్బా, సంచి బండిలో పెట్టడం, రాత్రి భోజనానికి ఎవరుంటారో ముందే చెప్పడం, ఖాళీ గదిలో ఫ్యాను ఆపడం. పక్కన ఎవరు చేస్తారో వాళ్ళ పేరు. మీ పేరు ఒక్కచోటే ఉండాలి, అది కూడా మీరు ఎంచుకున్నచోట. ఆరోగ్యంగా ఉన్న నలుగురు మనుషుల ఇంట్లో ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

ఏది ముందు, ఏది తర్వాత అన్నారు కదా. ముందు, ఈ ఏడాది పర్యావరణం పేరుతో ఇంట్లోకి కొత్త వస్తువేదీ రాకూడదు. తర్వాత ఒకసారికి ఒకే అలవాటు. అది ఒంటబట్టాకే ఇంకోటి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని గమనించి చూస్తే ఒక కొత్త అలవాటు దానంతటది జరిగిపోయే దశకి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా కట్టారు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా తేల్చారు. నెలకే ఇరవై మూడు చుక్కలు పెట్టి తీర్పు చెప్పేసిన మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి, సైన్సు పిల్ల కాబట్టి వింటుంది. మీకు నచ్చితే సంచితో మొదలుపెట్టండి. మడిచి హ్యాండ్‌బ్యాగులోనే పడేసుకుంటే మర్చిపోయే ప్రశ్నే రాదు.

మాట్లాడినా ఆయన మళ్ళీ నవ్వేస్తే నాకు ఇంకో ఉత్తరం రాయండి. ఆ ఉత్తరంలో ప్లాస్టిక్ ఊసు ఎత్తకండి, చివర్లో రాసే ఆ రెండు వాక్యాల్నే ముందు రాయండి.