అయో మీద అగ్నిపర్వతాలకి వేడి ఎక్కడిది? రెండు శనివారాలు ఆకాశం చూస్తే కారణం కంటికే కనపడుతుంది

మీరు అడిగింది, సూర్యుడికి అంత దూరంలో గురుగ్రహం చుట్టూ తిరిగే అయో ఉపరితలం మైనస్ 130 డిగ్రీల దగ్గర ఉంటుంది కదా, మరి దాని మీద 400కి పైగా అగ్నిపర్వతాలు ఎలా రగులుతున్నాయి, మన భూమిలోలాగా లోపలున్న రేడియోధార్మిక పదార్థాల వేడేనా అని. కాదండి, ఆ వేడి అస్సలు సరిపోదు. మన చందమామని పక్కన పెట్టి చూడండి, చందమామ వ్యాసం సుమారు 3475 కిలోమీటర్లు, అయోది 3640, సాంద్రత కూడా దగ్గరదగ్గరే, రెండూ పుట్టి కొన్ని వందల కోట్ల ఏళ్లయింది. రేడియోధార్మిక వేడే కారణమైతే చందమామ కూడా ఇప్పటికీ లావా కక్కుతూ ఉండాలి, అది ఎప్పుడో చల్లారిపోయింది. అయో మాత్రం ఒక్కో చదరపు మీటరుకి భూమి లోపల్నుంచి వచ్చే వేడికి 20 రెట్ల పైనే బయటికి పంపిస్తోంది.

అసలు కారణం చెప్పేముందు నేను చాలా ఏళ్లుగా మా డాబా మీంచి చూస్తున్నది ఒకటి చెప్తా, ఎందుకంటే కారణం అందులోనే ఉంది. నా దగ్గర మామూలు 10×50 బైనాక్యులర్స్ ఉంది, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం చిన్న తెల్లని బిళ్లలా, దానికి రెండు పక్కలా ఒకే గీత మీద చుక్కల్లా దాని పెద్ద ఉపగ్రహాలు కనపడతాయి, 1610 జనవరిలో గెలీలియో చూసిన ఆ నాలుగే, అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. నేను రాత్రి తొమ్మిదింటికి చూసి నోటుబుక్కులో ఒక సున్నా చుట్టి పక్కన చుక్కలు పెడతాను, అంతే, ఏ చుక్క ఏదో తర్వాత స్టెల్లేరియంలో (ఆకాశాన్ని తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్) చూసి పేరు రాసుకుంటా. అలా వారాల తరబడి గీసిన పేజీలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, ఈ శనివారం తొమ్మిదింటికి ఎలా ఉన్నాయో వచ్చే శనివారం తొమ్మిదింటికి అయో, యూరోపా, గానిమీడ్ ఇంచుమించు అలాగే ఉంటాయి! కాలిస్టో ఒక్కటే ఎక్కడో ఉంటుంది. మొదటిసారి ఇది గమనించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఇప్పటికీ పేజీ తిప్పి పాత శనివారంతో పోల్చి చూసుకోవడం అంటే నాకు మహా ఇష్టం.

ఎందుకలా అంటే అయో ఒక చుట్టు తిరగడానికి 1.77 రోజులు, యూరోపాకి 3.55, గానిమీడ్‌కి 7.15. భాగించి చూడండి, ఒకటి, రెండు, నాలుగు లెక్కన వస్తుంది. గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా రెండు, అయో నాలుగు. వారం రోజులంటే ఆ చుట్టుకి ఒక మూడు నాలుగు గంటలు తక్కువ, అందుకే వారానికోసారి దాదాపు మొదటి చోటికే వచ్చేస్తాయి. ఇది కాకతాళీయం కాదు, మూడూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఆ లయలో బిగుసుకుపోయి ఉన్నాయి, ఎంత బిగువంటే మూడూ ఎప్పటికీ గురుగ్రహానికి ఒకే దిక్కున ఒకే వరసలోకి రావు, యూరోపా గానిమీడ్ ఒక వరసలోకి వచ్చినప్పుడు అయో కచ్చితంగా గురుగ్రహానికి అవతలి పక్కే ఉంటుంది. (బైనాక్యులర్స్‌లో మూడూ ఒకే పక్క కనపడే రాత్రులు ఉంటాయి, అది మనం పక్కనుంచి చూడ్డం వల్ల, ఒకటి ముందు ఇంకోటి వెనక ఉన్నా మనకి గీత మీద ఒకే వైపు పడతాయి, కంగారు పడకండి.) దీని గణితం తేల్చినవాడు ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్.

ఇప్పుడు వేడి దగ్గరికి వద్దాం. అయో గురుగ్రహం నుంచి సగటున 4,21,700 కిలోమీటర్ల దూరంలో ఉంది, మనకి చందమామ ఉన్న దూరం కంటే కొంచెమే ఎక్కువ, కానీ గురుగ్రహం భూమికి 318 రెట్ల బరువు, అందుకే చందమామ సెకనుకి ఒక కిలోమీటరు వేగంతో పోతుంటే అయో 17 కిలోమీటర్లు పోతుంది. గురుగ్రహం అయో దగ్గరి వైపుని ఎక్కువ, అవతలి వైపుని తక్కువ లాగుతుంది కాబట్టి అయో కాస్త సాగి ఉంటుంది. చాలామంది ఇక్కడితో ఆపేసి ఆ లాగుడు వల్లే వేడి అనేస్తారు, నాకు అది నచ్చదు, సగం మాటే అది. అయో ఎప్పుడూ ఒకే ముఖం గురుగ్రహం వైపు పెట్టి తిరుగుతుంది, కక్ష్య పూర్తిగా గుండ్రమైతే ఆ సాగుడు ఎప్పుడూ ఒకే చోట ఒకేలా ఉండిపోతుంది, ఏదీ కదలదు, రాపిడి లేదు, వేడీ లేదు. వేడి పుట్టాలంటే సాగడం, సడలడం, మళ్లీ సాగడం జరగాలి. బైండింగ్ వైరుని ఒకేచోట పట్టుకుని అటూ ఇటూ గబగబా వంచితే వంపు దగ్గర వేలు కాలుతుంది, ఊరికే వంచి పట్టుకుంటే కాలదు కదా, అదీ తేడా.

అయో కక్ష్య కొద్దిగా కోలగా ఉంటుంది, చాలా కొద్దిగా, దగ్గరికొచ్చినప్పటికీ దూరం పోయినప్పటికీ తేడా సుమారు 3500 కిలోమీటర్లు, అంటే దాదాపు దాని వ్యాసమంతే. అంత చిన్న తేడాకే దాని గట్టి నేల దాదాపు 100 మీటర్ల వరకు లేచి పడుతుంది, సముద్రం కాదండి, రాయి, రెండు రోజులకి లోపే ఒకసారి. నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఏంటంటే ఆ రాపిడే మెల్లగా కక్ష్యని గుండ్రంగా చేసేయాలి, వేడి తనంతట తనే ఆగిపోవాలి. ఆగనివ్వనిది ఆ శనివారం లెక్కే. అయో యూరోపాని దాటిపోయేటప్పుడల్లా, మూడున్నర రోజులకోసారి, కక్ష్యలో అదే చోట దాటుతుంది, అయో గురుగ్రహానికి దగ్గరగా ఉన్నచోట, అదే వైపు మళ్లీ మళ్లీ లాగుడు పడుతుంది కాబట్టి కక్ష్య గుండ్రం కాలేదు. చుట్ల లెక్క సరిపోకపోతే ఒక్కోసారి ఒక్కో చోట లాగుడు పడి ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి. మరి ఇంత శక్తి ఎవరిచ్చేది అంటే గురుగ్రహం తిరుగుడు, అది పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరుగుతుంది, అయో వల్ల గురుగ్రహం మీద లేచిన ఉబ్బు అయో కంటే ముందుకి జరిగి దాన్ని ముందుకి లాగుతుంది, ఆ ఖర్చుకి గురుగ్రహం తిరుగుడు అతి నెమ్మదిగా తగ్గుతుంది.

ఇది ఊహగా చెప్పింది పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు, వాళ్ల పేపర్ 1979 మార్చి 2న సైన్స్ పత్రికలో వచ్చింది, అయో లోపల చాలా భాగం కరిగిపోయి ఉండొచ్చని. మూడు రోజులకి, మార్చి 5న, నాసా నౌక వాయేజర్ 1 గురుగ్రహం పక్కనుంచి పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి మార్చి 8న తీసిన ఒక ఫోటోలో, దారి సరిచూసుకోవడానికి వెనక నక్షత్రాలు కనపడాలని తీసిన ఫోటో అది, లిండా మొరాబిటో అనే ఇంజనీరు అయో అంచున గొడుగులాంటి మసక ఆకారం పట్టుకుంది, అంచు నుంచి దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తు లేచిన అగ్నిపర్వతపు చిమ్ముడు. లెక్క ముందు, సాక్ష్యం వెంటనే, సైన్స్‌లో ఇలాంటి వారం చాలా అరుదు. ఈ మధ్య గురుగ్రహం చుట్టూ తిరిగే నాసా నౌక జూనో 2023 డిసెంబర్ 30న, 2024 ఫిబ్రవరి 3న అయోకి 1500 కిలోమీటర్ల దగ్గరికి పోయింది, ఆ కొలతలు చూస్తే పైపొర కింద అంతటా పరుచుకున్న లావా సముద్రం లేదని తేలింది, అంటే లోపల చాలామటుకు గట్టిగానే ఉంటూ అక్కడక్కడ కరుగుతోంది.

అయో మండడం మన బైనాక్యులర్స్‌కి కనపడదు, ఆశ పెట్టుకోకండి. నాలుగు అంగుళాల టెలిస్కోప్ దొరికితే మాత్రం అయో గురుగ్రహం నీడలోకి పోవడం చూడండి, బిళ్లకి ఇంకా కొంచెం దూరంలో ఉండగానే, ఏ అడ్డూ లేకుండా, మూడు నిమిషాలు పైన కొద్దికొద్దిగా మసకబారి మాయమైపోతుంది. డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త రోమర్ 1676లో కాంతికి కూడా వేగం ఉందని పట్టుకుంది ఈ గ్రహణాల టైములు ముందూ వెనకా అవడం చూసే.

ఇక యూరోపా సంగతి చెప్పాలంటే, దానికీ ఇదే రాపిడి, దూరం ఎక్కువ కాబట్టి వేడి తక్కువ, లావాకి చాలదు గానీ మంచు కింద నీటి సముద్రం గడ్డకట్టకుండా ఉంచడానికి చాలు అని అనుకుంటున్నారు, 2024 అక్టోబర్‌లో బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో అక్కడికి చేరుతుంది. కాలిస్టో ఈ లయలో లేదు, అందుకే దాని మీద పాత గుంటలన్నీ అలాగే ఉన్నాయి, లోపల్నుంచి ఏదీ పొంగి వాటిని పూడ్చలేదు.