మోకాళ్ల నొప్పులా? ముందు గచ్చు చూడండి

అమలాపురంలో మీ డాన్స్ క్లబ్‌కి వచ్చే ఆడవాళ్లలో సగం మంది నెల తిరక్కుండానే మోకాళ్ల నొప్పులని మానేశారన్నారు కదండీ. తప్పు వాళ్లది కాదు, సిమెంటు గచ్చుది. పాలకొల్లులో మేమూ ఉత్తకాళ్లతో గెంతి ఇలాగే అవస్థ పడ్డాం. గెంతులు ఆపేసి కోలాటం అడుగులు పెట్టండి. ఆడుతున్నప్పుడు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ సరైన జోరు. ముందు పది నిమిషాలు నడక, మడమలెత్తి దించడం. మెత్తటి బూట్లు తప్పనిసరి. చీర మీద బూట్లేంటని నవ్వుతారు, రెండ్రోజులే! ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది ఓ మోస్తరు వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే 5 రోజులు అరగంట చొప్పున. కొత్తవాళ్లతో మొదటి రోజే గంటన్నర అంటే ఎలా అండీ? మోకాలు వాచినవాళ్లని మాత్రం డాక్టరుకి చూపించుకున్నాకే రమ్మనండి.