పెట్రోల్ బంకు నుంచి ఆయిల్ బార్జి మీదికి పోవచ్చా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర ఊరు. డిగ్రీ మధ్యల ఆపేసి పెట్రోల్ బంకుల చేస్తున్న, ట్యాంకర్ వస్తే అన్‌లోడింగ్ నేనే చూస్కుంట. జగిత్యాల ఏజెంట్ ఒకాయన ఫుజైరాల ఆయిల్ బార్జి మీద ట్యాంకర్‌మన్ పని ఉంది, పైపు పట్టుకొని నిలబడుడే, 2 లక్షలు కట్టు అంటున్నడు. పోవచ్చా? ఈత కూడా అంతంతే.
– ఒక పాఠకుడు

జవాబు: పైపు పట్టుకొని నిలబడుడే అన్నడంటేనే ఆయనకు బార్జి ముచ్చట తెల్వదని అర్థం తమ్మీ. ఫుజైరాల పని ఉంటదన్నది మాత్రం నిజమే, యూఏఈల ఉన్నది, ఓడలకు ఇంధనం పోసే పెద్ద రేవులల్ల అదొకటి, బయట లంగరేసిన ఓడల దగ్గరికి బార్జిలే పోయి ఆయిల్ ఎక్కిస్తయి. అమెరికాల అయితే ట్యాంకర్‌మన్‌కు కోస్ట్ గార్డ్ విడిగ సర్టిఫికెట్ ఇస్తది, ఎక్కించుడు దించుడు నడిచినంతసేపు జవాబుదారీ ఆయనదే.

నీ బంకు అనుభవం కొంత పనికొస్తది. నువ్వు డిప్ రాడ్ వేసి ఎంతుందో చూస్తవ్ గదా, అక్కడ ఎక్కువగ పైన ఎంత ఖాళీ మిగిలిందో కొలుస్తరు, దాన్ని అల్లేజ్ అంటరు. వేడికి ఆయిల్ ఉబ్బుతది కాబట్టి నిండా నింపరు, 98 శాతం లోపలనే ఆపుతరు. మొదట మెల్లగ వదిలి, హోస్ జాయింట్ల దగ్గర చుక్క కారుతుందా చూసి అప్పుడు స్పీడు పెంచాలె, డెక్ మీద నీళ్లు పోయే కన్నాలకు ముందే బిరడాలు కొట్టి ఉండాలె. అసలు కష్టం ట్యాంకు నిండవచ్చినప్పుడు: అవతల పంపు ఆయనకు స్లో చెయ్యమని ముందుగాలనే చెప్పి, ఇంకో ట్యాంకు వాల్వు తెరిచినంకనే ఈ వాల్వు మూయాలె, ఉల్టా చేసినవంటే ప్రెషరెక్కి హోస్ పగుల్తది. అర్ధరాత్రి నిద్ర ముంచుకొస్తున్నా అక్కడి నుంచి కదలొద్దు, ఫోన్ ముట్టొద్దు, ఉరుములు మెరుపులు మొదలైతే ఎవల అర్జెంటు ఎట్లున్నా స్టాప్ అనాలె. నన్నడిగితే ఆ స్టాప్ అనే ధైర్యం లేనోడు ఈ పనికి పోకుంటేనే మేలు.

గ్యాస్ సంగతి ఇంకా జాగ్రత్త. క్రూడ్‌ల, ఫర్నేస్ ఆయిల్‌ల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు, ముందు కుళ్లిన గుడ్ల వాసనొస్తది, 100 పీపీఎం (గాలిల పది లక్షల పాళ్లకు 100 పాళ్లు) దాటిందంటే ముక్కు మొద్దుబారి వాసనే రాదు, అంతా మంచిగుందనుకుంటవ్. మన దిక్కు పాడుబడ్డ బాయిల పూడిక తీయ దిగి ఒకరి వెనుక ఒకరు పడిపోతరే, ఖాళీ ట్యాంకు కూడా అట్లాంటిదే. గ్యాస్ కొలిచే మీటర్‌ల ఆక్సిజన్ 20.9 శాతం దగ్గర చూపకుండ, లోపలికి దిగే పర్మిట్ రాయకుండ దిగుమంటే దిగొద్దు.

ఇగ పైసల ముచ్చట. నౌకోద్యోగం ఇప్పిచ్చినందుకు నీ దగ్గర ఫీజు తీసుకోవద్దని అంతర్జాతీయ ఒప్పందమే ఉంది, 2006ది, మన దేశం కూడా 2015ల ఒప్పుకుంది. పాస్‌పోర్టు, మెడికల్, సీడీసీ (ఓడ పనోళ్లకు సర్కారు ఇచ్చే పుస్తకం) ఖర్చు నీది, వీసా ఖర్చు కంపెనీది. ఆ ఏజెంట్‌కు డీజీ షిప్పింగ్ (నౌకల సంగతి చూసే కేంద్ర సర్కారు ఆఫీసు) ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్స్, అంటే ఓడల పనికి మనుషులను పంపే లైసెన్స్, ఉందా అడుగు, నంబర్ చెప్తే వాళ్ల వెబ్‌సైట్ల నువ్వే చూస్కో. ఇండోస్ నంబర్ (ఓడ పనోళ్ల రిజిస్టర్ నంబర్), సీడీసీ, బేసిక్ సేఫ్టీ కోర్సులు, ఆయిల్ ట్యాంకర్ బేసిక్ కోర్సు ఇవేవీ లేకుండ విజిట్ వీసా మీద ఎక్కిస్త అంటే 2 లక్షలు కాదు గదా 2 రూపాయలు కూడా ఇయ్యకు. ఈతంటవా, కోర్సుల లైఫ్ జాకెట్ వేసుకొని పూల్‌ల దుంకాల్సే ఉంటది, అప్పటిదాక ఊరి బాయిలనే నేర్చుకో.

ప్రశ్న: మా పిల్లగానికి ఎరుపు, పచ్చ సరిగ తెల్వయి. ఓడల పనికి నడుస్తదా?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: డెక్ పనికి నడవది అక్కా, రాత్రిపూట ఎదురొచ్చే ఓడ ఎటు పోతుందో ఆ ఎరుపు పచ్చ లైట్లు చూసే చెప్పాలె. వంట దిక్కు ఏమన్న వీలుంటదేమో డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టర్ దగ్గర అడుగుండ్రి, అది తేలినంకనే కోర్సు ఫీజు కట్టుండ్రి.