రాజ్‌దూత్ బిడ్డకు ఎజ్డీ కాక ఉత్తరం

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఆ రాయల్ ఎన్‌ఫీల్డ్ పెగాసస్ బండి పిల్లగాడు నలుగురి ముందు "నీది ఎల్‌టీయే కదా, అసలు రాజ్‌దూత్ అంటే హెచ్‌టీ" అన్నాడని, నువ్వు కూడా "నీ బండికి ఉన్నదేంది, రంగూ నంబరూ తప్ప" అన్నావని, ఇక ఆదివారాలు బండ్లవాళ్లం కలిసే అటు దిక్కే పోనని. ఫోన్లో నేనేం చెప్పినా "సరే కాకా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చొని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నీ బండి సంగతి. అది ఎల్‌టీయే. అందులో దాచుకునేదేమీ లేదు. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో రాజ్‌దూత్ పేరుతో మన దగ్గరికి తెచ్చినప్పుడు మొదట వచ్చినవి హెచ్‌టీలు, అంటే హై టార్క్‌వి, 30.5 హార్స్‌పవర్. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. నా ఎజ్డీ బండికి ఉన్నవి నాలుగే. అది పక్కనుంచి పోతుంటే కాజీపేట చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లు గ్లాసు పట్టుకొని లేచి నిలబడేవాళ్లు. కానీ పెట్రోల్ నీళ్లలా తాగేది. ఆ తాగుడు తగ్గించడానికి పవర్ కొంచెం కోసి 27 దగ్గరికి తెచ్చారు. అదే ఎల్‌టీ, అంటే లో టార్క్. మీ బాపు 1986లో కొన్నది అదే, తెలిసే కొన్నాడు. అప్పట్లో గోదావరిఖని నుంచి ఒకాయన హెచ్‌టీ మీద వచ్చేవాడు, ఇదే మాట అనేవాడు. మీ బాపు నవ్వి, "నీదీ గుర్రమే, నాదీ గుర్రమే అన్నా. నాది జర మేత తక్కువ తింటది" అనేవాడు. ఆయన ఒక్కసారి కూడా తన బండి హెచ్‌టీ అని చెప్పుకోలేదు. నువ్వు కూడా ఎవరైనా అడగకముందే "మాది ఎల్‌టీ" అని చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పిన మాటతో నిన్నెవరూ పొడవలేరు.

ఇక ఆ పిల్లగాడి బండి. పెగాసస్‌ను 2018లో ప్రపంచమంతటికీ కలిపి 1000 మాత్రమే చేశారు. మన దేశానికి వచ్చినవి 250. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులతో పాటు విమానాల్లోంచి పారాచూట్‌తో దించిన ఫ్లయింగ్ ఫ్లీ అనే చిన్న బండి గుర్తుగా చేశారు కాబట్టి ఆ మిలిటరీ రంగు, ట్యాంకు మీద ఆ నంబరు. లోపలున్నది మామూలు క్లాసిక్ 500 ఇంజనే, నువ్వన్నది అబద్ధం కాదు. కానీ ఆ మాట అతను ఇప్పటికి ఎందరి నోట విని ఉంటాడో ఆలోచించావా? ఎల్‌టీ అన్న మాట నీకు ఎక్కడ తగిలిందో, రంగూ నంబరూ అన్న మాట అతనికీ అక్కడే తగిలింది. మీ ఇద్దరికీ నొప్పి ఒక్కచోటే ఉంది బిడ్డా. దెబ్బలాడుకోవాల్సినవాళ్లు కాదు మీరు.

పోటీ వద్దని నేను చెప్పను. నేనూ, మీ బాపూ, బుల్లెట్ మామా ముప్పై ఏళ్లకు పైగా పోటీ పడ్డాం. అది లేకపోతే మా ఆదివారాలకు ఉప్పూ కారం ఉండేది కాదు. ఎట్లా పోటీ పడాలో మాత్రం మాకు మేమే నేర్చుకున్నాం. అదే నీకు చెప్పాలని.

రోడ్డు మీద స్పీడు పందెం పెట్టుకోకండి. ఒక్కసారి కూడా. ములుగు రోడ్డు మీద ఇసుక లారీలు ఎట్లా వస్తాయో నీకు తెలుసు. పైగా జపాన్ ఆర్‌డీకి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, మన రాజ్‌దూత్‌కు డ్రమ్మే ఇచ్చారు. ఉరుకుడు ఉన్నంత ఆగుడు లేదు దానికి. ఎదుటివాడి బండి నీకంటే బాగా ఆగుతుంది కాబట్టి వాడి వెనక ఎప్పుడూ దగ్గరగా పోకు.

మరి పందెం ఎట్లా అంటావా? మా పందేలు వేరు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నెమ్మది పందెం పెట్టుకునేవాళ్లం. సుద్దతో రెండు గీతలు గీసి, కాలు కింద పెట్టకుండా, ఆ చివరికి అందరికంటే ఆలస్యంగా చేరినవాడు గెలిచినట్టు. అందులో బుల్లెట్‌ను ఎవరూ కొట్టలేరు. దుక్‌దుక్‌మంటూ ఎద్దుబండిలా నడుస్తుంది. మీ బాపు ప్రతిసారీ మధ్యలోనే కాలు పెట్టేవాడు. చలికాలం పొద్దున ఒక్క కిక్కు పందెం. రాత్రంతా మంచులో పెట్టిన బండ్లను ఒక్క తన్నుకు లేపాలి. బుల్లెట్ మామ ఇంజన్లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ పట్టుకొని, ఆంప్ మీటరు ముల్లు నడిమికి తెచ్చుకొని, దేవుడికి మొక్కినట్టు ఒక నిమిషం నిలబడి అప్పుడు తన్నేవాడు. నా ఎజ్డీకి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ. తన్ని, దాన్నే ముందుకు తిప్పితే గేరైపోతుంది. ఆ పందెంలో ఎక్కువసార్లు నేనే గెలిచేవాణ్ణి. మైలేజీ పందెంలో ఒక యమహా ఆర్‌ఎక్స్ 100 తమ్ముడు వచ్చి మా ముగ్గుర్నీ ఓడించి పోయేవాడు. ఒకే బంకులో అందరం ట్యాంకు నిండా పోయించుకొని, ములుగు పోయి తిరిగొచ్చి, మళ్లీ అక్కడే నింపి లెక్క చూసుకునేవాళ్లం. మరి రాజ్‌దూత్ ఎందులో గెలుస్తుంది? దాన్ని కిక్కు కొట్టి నిలబెడితే చాలు, పిల్లలందరూ దాని చుట్టే చేరతారు. ఆ గెలుపు మీ బాపుదే, మేమెవరం అడ్డు చెప్పలేదు. పందేలు ఇట్లా పెట్టుకుంటే ఏ బండికైనా గెలిచే రోజొకటి దొరుకుతుంది. ఎప్పుడూ ఒక్కడే గెలిచే పందెం నాలుగు వారాలు కూడా నడవదు, మిగిలినవాళ్లు రావడం మానేస్తారు.

మాటల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బండిని ఎంతైనా అను. మీ బాపు బుల్లెట్‌ను "నిలబడ్డ చోటల్లా నూనెతో ముగ్గేస్తది" అనేవాడు. బుల్లెట్ మామ ఆయన బండిని "రాజ్‌దూత్ కాదు, యమదూత్" అనేవాడు. నా ఎజ్డీ శబ్దాన్ని ఇద్దరూ కలిసి "పిండిగిర్ని" అన్నారు. నేనేం బాధపడలేదు, ఆ గిర్ని శబ్దం నాకు ఇష్టం. కానీ మనిషి జోలికి పోవద్దు. జీతమెంత, ఎవరి పైసలతో కొన్నాడు, బండి కిందపడ్డ రోజేం జరిగింది, ఇవి ఎత్తొద్దు. ఇంట్లోవాళ్ల ముందు అసలే వద్దు. అతని భార్యా పిల్లలూ పక్కనుంటే ఆ బండిని మెచ్చుకొని మాత్రమే మాట్లాడు. ఎందుకంటే ఇంట్లో ఆ బండి కోసం అతను ఇప్పటికే ఎన్ని మాటలు పడుతున్నాడో మనకు తెలియదు.

నీ విషయంలో ఇంకొకటుంది. మీ బాపు పోయి ఇంకా ఏడాది కాలేదు. నిన్ను ఎల్‌టీ అంటే మీ బాపును అన్నట్టు వినిపించింది నీకు. అది నాకు అర్థమైంది, కానీ ఆ పిల్లగాడికి ఎట్లా తెలుస్తుంది? అది మీ బాపు బండి అని అతనికి నువ్వు చెప్పావా? చెప్పి ఉండవు. చెప్పు.

నీకు ఎప్పుడూ చెప్పని ముచ్చట ఒకటి చెప్తాను. 1988 ఎండాకాలం. ముగ్గురం రామప్ప పోయి తిరిగొస్తున్నాం. జంగాలపల్లి దాటి ములుగు దిక్కు మీ బాపు ముందు, నడుమ నేను, వెనక బుల్లెట్ మామ. రాజ్‌దూత్ వెనక పోవడమంటే మామకు ఎప్పుడూ గొడవే. "నీ పొగకు నా తెల్లంగి బూడిదంగి అయితాంది" అని రోజూ తిట్టేవాడు. ఆ రోజు ఉన్నట్టుండి బుల్లెట్‌ను గట్టిగా తిప్పి, హారన్ కొట్టుకుంటూ నన్ను దాటిపోయి, చెయ్యి ఊపి మీ బాపును ఆపాడు. మళ్లీ ఎగతాళికే వచ్చాడనుకొని మీ బాపు నవ్వుతున్నాడు. మామ ముఖంలో నవ్వు లేదు. "పొగేది రా? ఎంతసేపటి సంది నీ బండి పొగ పెడతలేదు" అన్నాడు. పెట్రోల్‌తో పాటు ఆయిల్ కాలితేనే ఆ పొగ వస్తుంది. ఆయిల్ ట్యాంకు మూత తీసి వేపపుల్ల ముంచి చూస్తే దాని కొసకు తడి కూడా అంటలేదు. పొద్దున తొందరలో మీ బాపు ఆయిల్ పోయడం మరిచిపోయాడు. ఇంకొంచెం దూరం పోతే పిస్టన్లు పట్టేసేవి. ఆ స్పీడులో వెనక చక్రం బిగుసుకుపోతే బండి ఒక్కటే పోయేది కాదు.

ఎజ్డీకి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి కాబట్టి నా దగ్గర ఎప్పుడూ ఒక సీసా ఉండేది. ఆయిల్ ట్యాంకులో పోస్తే సరిపోతుందని మీ బాపు అన్నాడు. కానీ పంపు గొట్టాల్లోకి అప్పటికే గాలి చేరి ఉంటుంది, దాన్ని తీసేదాకా ఆయిల్ లోపలికి పోదు. అందుకని కొంత అందులో పోసి, మిగిలింది పెట్రోల్ ట్యాంకులోనే పోసి, బండిని అటూ ఇటూ ఊపి కలిపాం. ఇంజన్ చల్లబడేదాకా ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. మళ్లీ కిక్కు కొట్టాక తెల్లటి పొగ గుప్పున వచ్చింది. మామ దాని ముందు నిలబడి, "ఇగ నడువు" అన్నాడు. హన్మకొండ దాకా ఆ పొగలోనే వచ్చాడు, ఒక్క తిట్టూ తిట్టలేదు.

రోజూ ఆ పొగను తిట్టినవాడికే అది లేదని తెలిసింది. నేను మధ్యలో ఉండి కూడా చూడలేదు బిడ్డా. ఎదుటి బండిలో తప్పులు వెతికేవాడు దాన్ని ఎంత దగ్గరగా చూస్తాడో నాకు ఆ రోజు తెలిసింది. నీ బండిని కూడా అట్లా చూసేవాడు ఒకడు కావాలి. ఆ పిల్లగాడికి హెచ్‌టీ, ఎల్‌టీ తేడా తెలుసంటేనే నీ బండి గురించి ఎక్కడో చదివాడు, ఎవర్నో అడిగాడు. అతని వయసువాళ్లలో ఆ తేడా తెలిసినవాళ్లు ఎందరుంటారు?

సామాన్ల విషయంలో చెయ్యి బిగబట్టకు. రాజ్‌దూత్ 350 బంద్ అయి ముప్పై ఏళ్లు దాటింది, మైసూర్‌లో మా ఎజ్డీల ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. ఒకరికి దొరికిన దుకాణం అడ్రసు ఇంకొకరికి చెప్పకపోతే ఏ బండీ నడవదు. బుల్లెట్ మామ ఒకసారి హైదరాబాద్ నుంచి వస్తూ పాత సామాన్ల దుకాణంలో దొరికిన రాజ్‌దూత్ రీడ్ వాల్వు రేకులు పేపర్లో చుట్టుకొచ్చి మీ బాపు ముందు పెట్టాడు. "ఇవి బిగించుకొని వచ్చే వారం నన్ను దాటి చూపించు" అన్నాడు. పైసలిస్తే తీసుకోలేదు. మంచి మెకానిక్ దొరికితే కూడా దాచుకోకు. ఎవరైనా బండి అమ్ముతున్నారని విని ఇద్దరూ పోయారంటే, ముందు అడిగినవాడికి వదిలెయ్యి. పోటీ పడి రేటు పెంచుకుంటే బాగుపడేది అమ్మేవాడే.

దసరాకు నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, బండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టాక, ఒకరి బండి హ్యాండిల్‌కు ఇంకొకరం జమ్మి ఆకు పెట్టి అలయ్ బలయ్ తీసుకునేవాళ్లం. నీ బండికి బుల్లెట్ మామే పెట్టాలి. మీ బాపు ఉన్నన్నాళ్లూ అదే పద్ధతి, ఈ ఏడాది కూడా ఆయన అడిగాడు.

కాగితాల సంగతి కూడా చూసుకో. ఆర్‌సీ ఇంకా మీ బాపు పేరు మీదే ఉందనుకుంటా. ఓనరు పోతే వారసులు 3 నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. గడువు దాటిందని భయపడి ఊరుకోకు, ఆఫీసుకు పోయి ఫైన్ ఎంతో కట్టేసి నీ పేరుకు మార్చుకో. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ప్రతి 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ తేదీ కూడా చూడు. ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్‌సీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో పోయే ముందే సరిచూసుకో. సిలిండర్ రీబోర్ చేయించాలనుకుంటే నాతో ఒక మాట చెప్పి చేయించు.

ఈ ఆదివారం నేను వస్తున్నాను. పొద్దున 6 గంటలకు కట్ట మీద ఉంటా. మోకాళ్లు సహకరించడం లేదు కాబట్టి ఎజ్డీ మీద మా చిన్నోడి వెనక కూర్చొని వస్తాను. బుల్లెట్ మామ కూడా వస్తాడు. పెగాసస్ పిల్లగాడికి ఫోన్ నువ్వే చెయ్యి, నేను చెయ్యను. వచ్చాక అతని ట్యాంకు మీద నంబరు ఎంతో అడుగు. ఆ నంబరు ఎట్లా దొరికిందో, ఆ రోజు బుకింగ్‌లో ఏమైందో చెప్పమను, అతను చెప్తుంటే మధ్యలో అడ్డం రాకు. తర్వాత నీ బండి కిక్కు ఒకసారి అతన్నే కొట్టమను.

ఆయిల్ ట్యాంకు చూసుకొని బయల్దేరు. సీసా నా దగ్గర ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ ఎజ్డీ కాక