దాహం కాదు, దూప

హైదరాబాద్

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పాపను దత్తత తీసుకోవడానికి అమెరికా నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్ల పదేళ్ల కొడుకు, ఇక్కడి శిశుగృహంలో పెరిగిన పాప. సరుకు మంచిదే. కానీ ఊరిని టూరిస్టు బస్సు కిటికీలోంచి చూశావు, కాగితాలనైతే చూడనే లేదు. వాళ్లు ఈ ఊళ్లో ఉన్నదే కాగితాల కోసం. ఏ కాగితం రావాలో తెలియకపోతే, ఆ మధ్యాహ్నం వాళ్లు చార్మినార్ దగ్గర ఎందుకు నిలబడ్డారో చదివేవాడికి అంతుపట్టదు.

ముందు పాప వయసు. మొదటి పేజీలో రెండేళ్లన్నావు, తొమ్మిదో పేజీకొచ్చేసరికి లాయరులా మాట్లాడుతోంది. ఐదేళ్లు చెయ్యి. మాటల కోసమే కాదు, నిజానికీ అదే దగ్గర. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డల కోసం ఇక్కడి వాళ్లే ఏళ్ల తరబడి వరుసలో ఉన్నారు, వాళ్లకే మొదటి అవకాశం. విదేశీయులకు వెళ్లేది ఎక్కువగా కాస్త పెద్ద పిల్లలు, విడదీయకూడని అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు, వైద్యం అవసరమైనవాళ్లు. పాపకు అయిదేళ్లు పెడితే భార్యాభర్తల వయసులు కలిపి వందకు మించకూడదు. నీ కథలో ఆయనకు 54, ఆమెకు 49. మూడేళ్లు ఎక్కువ. దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు.

తర్వాత జడ్జి గారి సీను. బాగా రాశావు, తీసెయ్యాలి. బాల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు. జడ్జి మీద అంత మోజుంటే కథను 2022 సెప్టెంబరు కంటే వెనక్కి జరుపు, అప్పుడు వాళ్ల ఫోన్లు కూడా జరగాలి. కలెక్టరేట్ అయితే నీకు వేరే లాభం ఉంది. సోమవారం ప్రజావాణి. వరండా నిండా అర్జీలు పట్టుకున్న జనం, భూముల గొడవలు, పింఛన్లు. ఆ గుంపు మధ్య ఒక తెల్లావిడ ప్లాస్టిక్ ఫోల్డరు గుండెకు అదుముకుని నిలబడి ఉండటం చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. విచారణ మాత్రం తలుపులు మూసిన గదిలో జరుగుతుంది. చప్పట్లు కొట్టే బంధువులను బయటే ఉంచు.

కాగితాల వరుస ఇది. వాళ్ల దేశంలో హోమ్ స్టడీ, అంటే ఇల్లూ కుటుంబమూ దత్తతకు తగినవా అని చూసే నివేదిక. అక్కడి అధీకృత సంస్థ ద్వారా ఢిల్లీలోని కారాలో, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, నమోదు. పాప వివరాల నివేదిక, వైద్య నివేదిక వాళ్లకు చేరడం, వాళ్లు ఒప్పుకోవడం. దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం కింద అమెరికా ఇచ్చే ఆర్టికల్ 5 ఉత్తరం, అంటే వీళ్లు అర్హులు, పాపను దేశంలోకి రానిస్తాం అనే మాట. అది వచ్చాక కారా ఎన్‌వోసీ, అభ్యంతరం లేదన్న పత్రం. కలెక్టరు ఉత్తర్వు. కొత్త తల్లిదండ్రుల పేర్లతో బర్త్ సర్టిఫికెట్. పాస్‌పోర్టు. దత్తత హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందని 23వ అధికరణ కింద కారా ఇచ్చే సర్టిఫికెట్. వైద్య పరీక్ష. వీసా. ఇందులో చాలావాటికి ముందుది లేనిదే తర్వాతది రాదు. ఉత్తర్వు దరఖాస్తును రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, తేలుతుందని కాదు.

ఇప్పుడు నీ మొదటి నిర్ణయం. వీళ్లు విమానం ఎప్పుడు దిగారు? చాలా కుటుంబాలు పాస్‌పోర్టు సిద్ధమయ్యాకే ఒక్కసారి వస్తాయి. ఉత్తర్వు పనంతా పవరాఫ్ అటార్నీ మీద శిశుగృహం వాళ్లే నడిపిస్తారు. అలాగైతే నీ కథ రెండు మూడు వారాలది, ఊరు చూసే తీరిక తక్కువ. ఎన్‌వోసీ రాగానే వచ్చి, ఉత్తర్వు వచ్చేదాకా పాపను తాత్కాలికంగా దగ్గర ఉంచుకునే వీలూ చట్టంలో ఉంది, దేశం దాటకూడదంతే. ఆ దారి పడితే నెలలు దొర్లుతాయి, నాన్న సెలవులు అయిపోయి కొడుకుతో వెనక్కి వెళ్లాల్సి రావచ్చు. నేనైతే ఈ రెండోదే తీసుకుంటాను. సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో దింపు. విదేశీయులు దిగిన 24 గంటల్లో యజమాని వాళ్ల వివరాల ఫారం నింపి అధికారులకు పంపాలి. పాస్‌పోర్టులన్నీ ఫొటో తీసుకుంటూ అతను అడిగే మొదటి ప్రశ్న నీ కథకు మంచి ప్రారంభం: "పాప ఎవరి పాప?"

చిక్కు కావాలని నువ్వు ఆటో ప్రమాదం పెట్టావు. అంత దూరం ఎందుకు, పేరులో ఒక అక్షరం చాలు. ఉత్తర్వులో ఒక స్పెల్లింగు, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకోటి. లేదా మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందుకొచ్చింది, పాస్‌పోర్టు ఫారంలో అది పేరు గడిలో పడింది. ఉత్తర్వు, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, కారా సర్టిఫికెట్ నాలుగింట్లోనూ పేరు అచ్చంగా ఒకటే ఉండాలి. తప్పు మొదటి కాగితంలో దొరికితే మళ్లీ మొదటి కిటికీ దగ్గరికే. ఇంకో చిక్కు వైద్య పరీక్షలో ఉంది. అమెరికా వీసాకు రెండేళ్లు దాటిన పిల్లలకు టీబీ రక్తపరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే, దాంట్లో ఏదైనా కనబడితే కళ్లె పరీక్షలు, వాటి ఫలితానికి వారాలు. విమానం టికెట్లు ముందే కొన్న తండ్రి మొహం అప్పుడు రాయి.

నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ ముందు వాళ్లను క్యూలో నిలబెట్టావు. హైదరాబాద్‌లో వలస వీసాలు ఇవ్వరు, పాపది వలస వీసా. వాళ్లు ఢిల్లీ వెళ్లాలి. అంటే ఈ ఊరికి వీడ్కోలు శంషాబాద్‌లో, అదీ దేశీయ విమానానికి. పాప చేతిలో ఎర్ర పాస్‌పోర్టు అన్నావు, ఆ మెరూన్ రంగు దౌత్యవేత్తలది. మామూలు భారతీయ పాస్‌పోర్టు ముదురు నీలం, అన్న చేతిలోని అమెరికాదీ ముదురు నీలమే. అన్నాచెల్లెళ్లు వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. దత్తత ఇక్కడే పూర్తయింది కాబట్టి అమెరికా నేల మీద అడుగు పెట్టగానే పాప ఆ దేశ పౌరురాలు. అందాకా మన పౌరురాలే.

ఊరి సంగతికొద్దాం. ఒక్కరోజులో గోల్కొండ, జూ పార్కు, చార్మినార్, ట్యాంక్‌బండ్ తిప్పావు. ఐదేళ్ల పిల్ల, అదీ గేటు బయటి ప్రపంచం పెద్దగా చూడని పిల్ల, సాయంత్రానికి వాంతి చేసుకుంటుంది. రోజుకు ఒక చోటు. పొద్దున తొమ్మిదిన్నరకు బయల్దేరి, పన్నెండున్నరకల్లా ఇంట్లో అన్నం, నిద్ర. జూకు సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం. నువ్వు వాళ్లను శుక్రవారమే మ్యూజియానికి పంపావు. చార్మినార్ టికెట్ దగ్గర అన్నకు విదేశీ ధర, చెల్లెలికి దేశీ ధర అని తీసిన మెలిక కూడా నిలబడదు, 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు. అమీర్‌పేట మెట్రోలో కదిలే మెట్ల ముందు ఆ పిల్ల నిలబడిపోతుంది. అక్కడ ఒక పేరా ఆగు. వెనక జనం తోసుకుంటారు, అన్న చెయ్యి చాపుతాడు, ఆమె ఆ చెయ్యి కాదు, రెయిలింగు పట్టుకుంటుంది.

లాడ్‌బజార్‌లో గాజుల సీను ఉంచు, లెక్క సరిచెయ్యి. 'దో చార్' అంటే రెండు పాయింట్ నాలుగు కాదు. రెండంగుళాల మీద పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంపావు. అది పెద్దవాళ్ల చేతికి. పాప చేతికి రెండుకు లోపలివి కావాలి. ఆ అమెరికా తల్లి దశాంశం అనుకుని బేరం చేస్తుంటే కొట్టతను ఏమీ అనకుండా పాప వేళ్లు దగ్గరికి నొక్కి, బొటనవేలి మొదటిదాకా చూసి, కొలత లేకుండానే సరైన జత తీస్తాడు. ఆ చేతుల వైపు చూసి రాయి.

అన్నిటికంటే నాకు గుచ్చుకున్నది పాప మాట. "అమ్మా, దాహంగా ఉంది" అంటుంది నీ పాప. ఇక్కడి శిశుగృహంలో, ఇక్కడి ఆయమ్మల చేతుల్లో పెరిగిన పిల్ల అలా అనదు. "దూపైతాంది" అంటుంది. ఆ తల్లి ఆర్నెల్లుగా ఫోన్‌లో తెలుగు నేర్చుకుని వచ్చింది. నీళ్లు, దాహం, ఆకలి, నిద్ర అన్నీ వచ్చు. దూప రాదు. పాప మూడుసార్లంటుంది, తల్లి బిస్కెట్ ఇస్తుంది, బొమ్మ ఇస్తుంది, ఎత్తుకుంటుంది. పాప దిగి, బాత్రూమ్ కుళాయి దగ్గరికి వెళ్లి దోసిలి పడుతుంది. మొదటి రోజు మెడ చుట్టూ చేతులు వేసి "మమ్మీ" అన్న సీను కొట్టేసి ఇది పెట్టు. కొత్తవాళ్లను వెంటనే వాటేసుకునే పిల్లలూ ఉంటారు, కాకపోతే వాళ్లు లిఫ్టు నడిపేవాడిని కూడా అలాగే వాటేసుకుంటారు. దాన్ని ప్రేమగా రాస్తే అబద్ధం.

పాప ఏడ్చేది కన్నతల్లి కోసం కాదు, ఆయమ్మ కోసం. నీ కథలో ఆయమ్మ ఒక్క వాక్యంలో తలుపు తీసి వెళ్లిపోయింది. ఆమెకు ఒక పేజీ బాకీ ఉన్నావు. పాప ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో, పెరుగన్నంలో ఎంత ఉప్పు కావాలో, జడ వేసేటప్పుడు ఎక్కడ నొప్పెడుతుందో తెలిసింది ఆమెకే. ఇవేవీ నివేదికలో ఉండవు. తెలివైన తల్లి అయితే పాప దిండు గలీబు అడిగి తెచ్చుకుంటుంది, ఉతకదు. వరుస మంచాల మధ్య, పదిమంది ఊపిరి వింటూ పడుకున్న పిల్లకు ఏసీ గదిలో ఒంటరి మంచం భయం. రాత్రి లేచి చూస్తే అన్న మంచం పక్కన నేల మీద ఉంటుంది, గుప్పిట్లో ఉస్మానియా బిస్కెట్. అది దొంగతనం కాదు, రేపటికి దాచుకున్నది. తీసేసుకోకూడదని తండ్రికి రెండో రోజు గానీ తెలియదు.

విరేచనాలు కూడా పట్టుకో, ఎలాగూ ఉంటాయి. తిండి మారింది, పిజ్జా పెట్టారు. తండ్రి మెడికల్ షాపుకు పోయి ఓఆర్‌ఎస్ తెస్తాడు, పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలుపుతాడు. 20.5 గ్రాముల ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు. గ్లాసులో కలిపితే ఉప్పు విషంలా పనిచేస్తుంది, దూప ఇంకా పెరుగుతుంది. గ్లాసుకు సరిపడే చిన్న ప్యాకెట్లు వేరే దొరుకుతాయి, తికమక అందుకే. పక్క ఫ్లాటు ఆవిడ చూసి, గ్లాసు లాక్కుని సింకులో పారబోస్తుంది. ఈ దంపతులు దేవుళ్లు కారని, పాపను ఉద్ధరించడానికి రాలేదని చెప్పడానికి నీకు అంతకంటే మాటలు అక్కర్లేదు.

ఒక కాగితం గురించి మాత్రం నెమ్మదిగా రాయి. దిక్కులేకుండా దొరికిన పిల్ల అయితే, తనవాళ్లెవరైనా వస్తారేమోనని ఫొటోతో పత్రికలో ప్రకటన వేస్తారు. ఎవరూ రాకపోతేనే బాలల సంక్షేమ సమితి ఆమెను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది. ఆ కటింగు ఫైల్లో ఉంటుంది. పెళ్లి ప్రకటనల పక్కన, గుండు చేసిన తల, బెదిరిన కళ్లు. అన్న ఆ ఫైలు తిప్పుతూ తెలుగు రాక చదవలేడు, బొమ్మను మాత్రం గుర్తుపడతాడు. కథ ఆ పిల్లాడి కళ్లలోంచే నడిస్తే బాగుంటుందని నాకనిపిస్తోంది.

నువ్వు పరిశోధనకు శిశుగృహానికి వెళ్తానన్నావు. వెళ్లు, పిల్లల ఫొటోలు తియ్యకు, పేర్లు రాసుకోకు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అలా ఉంచు, నిజంగా దొరికిన పిల్ల పుట్టుమచ్చ, దొరికిన స్టేషను, వేసుకున్న గౌను నీ కథలోకి దించకు. ఇరవై ఏళ్లకు ఆమె వెతుక్కుంటూ వచ్చినప్పుడు మొదట దొరికేది నీ కథ కాకూడదు.

అంతా ఒకేసారి తిరగరాయొద్దు. సాలార్‌జంగ్ గడియారం సీను ఒక్కటి ముందు రాసి పంపు. వరండాలో కుర్చీల్లో జనం, గడియారంలో గంటకు మూడు నిమిషాల ముందు తలుపు తెరుచుకుని వచ్చే గడ్డం మనిషి బొమ్మ, పక్కన ఆగకుండా సుత్తి కొట్టే కమ్మరి బొమ్మ. అందరూ గడ్డం మనిషి కోసం చూస్తుంటారు. పాప కమ్మరినే చూస్తూ ఉంటుంది. శుక్రవారం తప్ప ఏ వారమైనా సరే.

ఆశీస్సులతో,
నీ అన్న