సగం కట్టిన జీపుకు ధర ఉండదు

ప్రశ్న: నేను భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఈపీ ఫిట్టరుగా, అంటే డంపర్ల వంటి భారీ యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాను. వయసు 38. కోతలు పోను నెలకు 78 వేలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 19 వేలు, ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. నెలకు 10 వేల చొప్పున 50 నెలల చిట్టి నడుస్తోంది, ఏడు నెలలు కట్టాను. ఇంటి ఖర్చు 34 వేలు. 3.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 12 తులాల బంగారం ఉన్నాయి. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరో తరగతి. ఎంత బురదలోనైనా నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ బండిని విడిభాగాలు సేకరించి సొంతంగా కట్టాలన్నది నా చిరకాల కోరిక. ఒక పాత మహీంద్రా ఎంఎం 540 జీపు చాసిస్‌ను, అంటే అడుగు చట్రాన్ని, రెండు యాక్సిల్స్‌తో (చక్రాల ఇరుసులతో) సహా 1.1 లక్షలకు కొని, వరంగల్ ఆటోనగర్‌లో మిత్రుని వెల్డింగ్ షెడ్డులో ఉంచాను. కాగితాలు తర్వాత ఇస్తామని అమ్మినవారు అన్నారు. బొలెరో ఇంజను, పెద్ద టైర్లు వేసి మొత్తం 6.5 లక్షల్లో పూర్తిచేయవచ్చని అంచనా. తర్వాత 10 లక్షలకు అమ్ముడుపోతుందని మిత్రులు అంటున్నారు. మిగతా సొమ్ముకు పర్సనల్ లోన్ తీసుకోవాలా, చిట్టి పాడాలా, బంగారం కుదువ పెట్టాలా? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

జవాబు: మీరు మూడు దారులు చెప్పి ఏది మేలని అడిగారు. మూడూ వద్దన్నదే నా జవాబు. అలాగని బండి కట్టాలన్న కోరికను వదులుకోమని నేను చెప్పబోవడం లేదు. రోజూ డంపర్లు విప్పి బిగించే చేతికి జీపు గేర్‌బాక్సు పెద్ద విషయం కాదు. మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఉన్నదల్లా మీ అంచనా మీదనే.

ముందుగా అప్పుల సంగతి చూద్దాం. 4 లక్షల పర్సనల్ లోన్‌ను 14 శాతం వడ్డీతో నాలుగేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 10,930 రూపాయలు అవుతుంది, మొత్తం వడ్డీ 1.25 లక్షలకు చేరుతుంది. మీరు రాసిన ఖర్చులన్నీ పోను ఇప్పుడు నెలకు 15 వేలు మిగులుతున్నాయి. ఈ వాయిదా కట్టాక మిగిలేది 4 వేలు మాత్రమే. చిట్టిని ఎనిమిదో నెలలోనే 1.4 లక్షలు తగ్గించి పాడితే చేతికి 3.6 లక్షలు వస్తాయి కానీ ఇంకా 42 వాయిదాలు కట్టవలసే ఉంటుంది. చిట్టి మన సొమ్మే కదా అని చాలామంది అనుకుంటారు. తొలి నెలల్లో పాడుకున్న చిట్టి మాత్రం పేరు మార్చుకున్న అప్పే. బంగారం మీద వడ్డీ తక్కువే అయినా, ఆ రుణాలు సాధారణంగా ఏడాదిలో తీర్చవలసినవి. వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయించుకుంటూ పోతే అసలు అలాగే ఉంటుంది, నగలు బ్యాంకు లాకరులోనే ఉంటాయి. ఇక డిపాజిట్ విషయానికి వస్తే, ఇంటి ఖర్చు, రుణ వాయిదా, చిట్టి కలిపి మీకు నెలకు 63 వేలు తప్పనిసరి గనుక జీతం ఆగితే ఆ 3.5 లక్షలు అయిదున్నర నెలలు ఇల్లు గడిపే సొమ్ము. దానిని బండి లెక్కలోకి తీసుకురావద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు, అయినా లెంటల్ దాకా లేచి ఆగిపోయిన ఇంటికి సైతం స్థలంతో కలిపి ఒక ధర పలుకుతుంది. విడిభాగాలతో కడుతున్న బండికి ఆ వెసులుబాటు లేదు. నాలుగు లక్షలు పెట్టి మధ్యలో ఆపేస్తే, అది కొనేవారి కంటికి నాలుగు లక్షల సరుకుగా కాక పాత ఇనుముగానే కనిపిస్తుంది. పరకాలలో మా దగ్గరి బంధువు ఒకాయన వేలంలో కొన్న జీపును మొత్తం విప్పి, ఇంజను ఒకచోట, బాడీ ఒకచోట పెట్టి, డబ్బు చాలక ఆరేళ్లు టార్పాలిన్ కప్పి ఉంచారు. ముందు సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి. చివరకు దానిని కాటాకు ఎక్కించి కిలోల లెక్కన అమ్మారు. ఆ కాటా చీటీ చాలాకాలం ఆయన చొక్కా జేబులోనే ఉండేది. ఆయనకు పని రాక కాదు, సొమ్ము విడతలను బండి విడతలతో కలుపుకోకపోవడం వల్ల అలా జరిగింది.

మీ 6.5 లక్షల అంచనాలో టైర్లకు ఒక పద్దు ఉంది, టైర్లు మార్చడం వల్ల వచ్చిపడే ఖర్చులకు లేదు. 28 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 18 శాతం ఎక్కువ దూరం వెళుతుంది. అంటే ఇంజనుకు ఆ మేరకు గేరు బరువెక్కుతుంది, బురదలో లాగే బలం తగ్గుతుంది. దానిని సరిచేయాలంటే యాక్సిల్‌లోని పళ్ల చక్రాల జత, అంటే క్రౌన్, పినియన్ మార్చాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక యాక్సిళ్ల నిష్పత్తి ఒకటే ఉండాలి గనుక ఆ మార్పు రెండు యాక్సిళ్లకూ చేయాలి. బరువైన టైరుకు పాత బ్రేకు చాలదు, స్టీరింగు బాక్సు తట్టుకోదు, బండి ఎత్తు పెరిగినప్పుడు గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, కోణం మారతాయి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. అయినా అంచనా కాగితం మీద ఒక్కటీ కనబడలేదు. అభిరుచి ఉన్నచోట లెక్క ఎప్పుడూ ఇలాగే చిన్నదవుతుంది. నా దృష్టిలో ఇది 8.5 లక్షలకు తక్కువ కాని పని.

పది లక్షల అమ్మకపు ధరను మరచిపోవడం మంచిది. కారణం చట్టంలో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని తనంతట తాను బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చని చెబుతోంది. కాబట్టి అనుమతి లేకుండా బొలెరో ఇంజను వేసిన జీపును కొనేవారి పేరుకు మార్చడమే కష్టం, దాని మీద బ్యాంకు రుణమూ దొరకదు. మిగిలేది నగదుతో వచ్చి బేరమాడే ఒకరిద్దరు మాత్రమే. రోడ్డెక్కించను, మా పొలంలోనే నడుపుకుంటానని మీరు అనవచ్చు. రిజిస్ట్రేషన్ లేని బండిని నడపకూడదనే అదే చట్టం 39వ సెక్షను బహిరంగ ప్రదేశంతో పాటు ‘మరే ఇతర ప్రదేశంలోనైనా’ అని కూడా అంటుంది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల వైపు అనుమతి లేకుండా తిప్పే ఆలోచన ఉంటే అది ఇంకా ప్రమాదం. 1972 వన్యప్రాణి చట్టం కింద బండే పోవచ్చు.

బీమా సంగతి కూడా అంతే. తెలియజేయని మార్పులున్న బండికి జరిగిన నష్టాన్ని కంపెనీ తిరస్కరించవచ్చు, పోటీల్లో పాల్గొన్నప్పుడు జరిగిన ప్రమాదాలను సాధారణ వాహన పాలసీ భరించదు. మీ వేతన ఖాతాకు అనుబంధంగా ప్రమాద బీమా ఉంటే, దాని మినహాయింపుల పుట ఒకసారి చదివించుకోండి. ఇద్దరు పిల్లల తండ్రిగా, ప్రత్యేక టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే జీపుకు మరో రూపాయి పెట్టకముందే అది తీసుకోవాలి.

అందువల్ల నేను సూచించే పద్ధతి ఇది. కట్టబోయే బండికి బదులు ఆర్‌సీ ఉన్న, నడుస్తున్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపును, వీలైతే అదే ఎంఎం 540ని, పునాదిగా తీసుకోండి. మీరు కొన్న యాక్సిళ్లు దానికి అసలు కొలతల విడిభాగాలుగా పనికివస్తాయి. అరిగిన భాగం స్థానంలో అదే రకం భాగం వేయడం మరమ్మతు అవుతుంది గాని మార్పు కాదు. 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనం రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2025 ఆగస్టులో 10 వేలకు పెంచారు, అది బేరంలోనే తగ్గించుకోండి. ఇంజను ఆర్‌సీలో ఉన్నదే ఉండనివ్వండి. టైర్లు అసలు కొలతకు దగ్గరగా, బురదలో పట్టునిచ్చే మడ్ టెరైన్ గీతలున్నవి చివరి విడతలో కొనండి. కొత్త టైర్లు వేస్తే షెడ్డులో ఉన్న బండికి కూడా కళ వస్తుంది, అందుకే అందరూ ముందు అవే కొంటారు; నిలబెట్టినా రబ్బరుకు వయసు ఆగదు. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆపేవి, తిప్పేవి, అంటే బ్రేకులు, స్టీరింగు జాయింట్లు, బేరింగులు, సీళ్లు బిల్లుతో కొత్తవే కొనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది గనుక పాతవాటితో తేడా మునుపటంత లేదు.

సొమ్ము ఎక్కడిదంటే, మీ లాభాల వాటాలో ఉంది. సింగరేణి 2024లో లాభాల్లో 33 శాతం, 2025లో 34 శాతం కార్మికులకు పంచింది. 2025లో సగటున ఒక్కొక్కరికి 1.95 లక్షలు వచ్చాయి. మస్టర్లను (హాజరైన రోజులను) బట్టి మీ వాటా అటూ ఇటూ ఉంటుంది, పన్ను కోత ఉంటుంది, వచ్చే ఏడాది ఇంతే వస్తుందన్న హామీ లేదు. పన్ను పోను చేతికి వచ్చినదానిలో సగం, ఉజ్జాయింపుగా 80 వేలు, బండికి. మిగతా సగంతో పాటు దీపావళి బోనసు మొత్తం పాప పేరున. మూడు నాలుగేళ్లలో ఆమె ఇంటర్ ముగించి కాలేజీ ఫీజు అడుగుతుంది, ఆ తేదీ మీరు వాయిదా వేయగలిగింది కాదు. నెల మిగులులో 5 వేలు వేరే ఖాతాలో వేస్తే ఏడాదికి 60 వేలు. అంటే బండికి ఏటా 1.4 లక్షలు, అప్పు లేకుండా. ఈ వేగంతో మీ అంచనాలో మిగిలిన 5.4 లక్షలకు దాదాపు నాలుగేళ్లు పడుతుంది. ఆలస్యమే, నిజమే. అయితే ఒక్క షరతు పాటించండి: ఏ విడత పని మొదలుపెట్టినా, ఆ విడత సొమ్ము అయిపోయేసరికి బండి తన చక్రాల మీద నడిచి షెడ్డు బయటికి రావాలి. గేర్‌బాక్సు విప్పడానికి డబ్బుండి బిగించడానికి లేని నెలలో స్పానరు పట్టుకోవద్దు.

మిత్రునికి కూలి వారం వారం నోటు పుస్తకంలో రాసి చెల్లించండి. ఉచితంగా చేసే పని ఎప్పుడూ డబ్బిచ్చే గిరాకీ తర్వాతే జరుగుతుంది, అందులో ఆయన తప్పేమీ ఉండదు. మీరు 60–70 కిలోమీటర్ల దూరంలో ఉండి ప్రతి ఆదివారం వచ్చిపోయే ఖర్చు కూడా అదే పుస్తకంలో రాయండి.

ఈ వారం చేయవలసింది ఒకటే. చాసిస్ నంబరు ఉన్నచోట తుప్పును వైరు బ్రష్‌తో రుద్ది, తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసుకోండి. అమ్మినవారి దగ్గర పాత ఆర్‌సీ నకలు అడిగి రెండు నంబర్లను పోల్చండి, ఆర్‌సీ రద్దయిందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. కాగితం లేని చాసిస్ దొంగ సొత్తని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం చిక్కు మీకే వస్తుంది. నెల రోజుల్లో కాగితాలు చూపకపోతే 1.1 లక్షలు తిరిగి అడగండి. పూర్తిగా ఇవ్వకపోతే యాక్సిళ్లు మాత్రం ఉంచుకుని, వాటి ధర పోను మిగతా సొమ్ముకు బేరం కుదుర్చుకుని, సంతకంతో రశీదు తీసుకోండి.